టిక్కు లేని గుర్రాలు

నేను పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చేసరికి మా షెడ్డులో అందరూ ఒక చెక్క గుర్రం చుట్టూ చేరి కూర్చున్నారు. ఎవరి చేతిలోనూ పని లేదు. ఒకళ్లు గోళ్లు కొరుక్కుంటున్నారు, ఒకళ్లు ఆవలిస్తున్నారు, ఇంకొకళ్లు ఆ గుర్రం మెడకే తల ఆనించి కునుకు తీస్తున్నారు. ఎవరికేమైందోనని నా గుండె గుభేలుమంది.

"ఏమైంది?" అని అరవబోయాను. దవడకి మత్తుసూది వేశారు కదా, మొహంలో సగం నా మాట వినే స్థితిలో లేదు. మాటకి బదులు గాలి వచ్చింది, దానితో పాటు కాస్త చొంగ కూడా.

"ఏం లేదక్కా," అంది గులాబీ. మా రంగులమ్మాయి. ప్రతి రంగులోనూ కాస్త గులాబీ కలపకపోతే ఆ పిల్లకి నిద్రపట్టదు, అందుకే ఆ పేరు. "నువ్వటు వెళ్లగానే దీని కాళ్లు నునుపు చెయ్యడం అయిపోయింది. టిక్కు పెట్టడానికి నువ్వు లేవు కదా. అందుకని కూర్చున్నాం."

పొద్దుటి నుంచీ! పట్టపగలు, జీతం తీసుకునే మనుషులు, ఒక గుర్రం కాళ్ల చుట్టూ!

మాది రంగులరాట్నాలు చేసే షెడ్డు. రాట్నం తిప్పే యంత్రం సంగతి మా ఆయన చూసుకుంటారు. గుర్రాలు, వాటిని చెక్కేవాళ్లు, నునుపు చేసేవాళ్లు, రంగులేసేవాళ్లు, వీళ్లందరి తల మీదా నేను. నా దగ్గర ఒక చాక్‌పీసు ఉంటుంది. ఏ గుర్రమైనా ఒక మెట్టు పని పూర్తయి రెండో మెట్టుకి వెళ్లాలంటే దాని పొట్ట మీద నా టిక్కు పడాలి. చెవి ఎంత పొడుగుండాలో నేనే చెప్పాలి, తోక ఎటు తిరగాలో నేనే చెప్పాలి. చివరికి కిటికీ తెరవాలా వద్దా అని కూడా నన్నే అడిగేవాళ్లు. ఇదంతా వాళ్లకి నా మీదున్న గౌరవమని నేను మురిసిపోయేదాన్ని. నా వెనకాల నన్ను చాక్‌పీసమ్మ అంటారని మా ఆయన చెప్పినా నమ్మలేదు.

ఇంత జాగ్రత్తగా చేయించిన గుర్రాలు అందంగా ఉండాలి కదా? కిందటి వారం పార్కాయన వచ్చి చూశాడు. పిల్లల పార్కు ఒకటి కడుతున్నాడు, దానికి రాట్నం మాకే ఇచ్చాడు. నమూనాగా చేసిన గుర్రాన్ని చుట్టూ తిరిగి చూశాడు. వంగి చూశాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"తప్పేం లేదమ్మా. కొలతలన్నీ బాగున్నాయి," అన్నాడు. "కానీ దీని మొహం చూడండి. ఎవరో పోతే పలకరించడానికి వచ్చిన చుట్టంలా లేదూ?"

నాకు చుర్రుమంది. ఏదో అనబోయి గుర్రం మొహం చూశాను. నిజంగానే ఉంది.

"బడికి సెలవులిచ్చే ముందు రోజు వస్తాను. అప్పటికీ ఇదే మొహమైతే ప్లాస్టిక్ గుర్రాలు తెప్పించుకుంటాను, ఏమీ అనుకోకండి," అని వెళ్లిపోయాడు. అనుకోవడానికేముంది, ఈ రాట్నం పోతే మాకు ఇంకో రాట్నం లేదు. షెడ్డుకి తాళమే. ఆ సంగతి అందరికీ తెలుసు. తెలిసీ గుర్రం చుట్టూ కూర్చున్నారు.

అగ్గి మీద గుగ్గిలమయ్యాను. కానీ మత్తెక్కిన నోటితో తిట్టడమంటే ఎంత నరకమో మీకు తెలియదు. నేను ఎంత గట్టిగా తిడితే అంత విచిత్రమైన శబ్దాలొస్తున్నాయి. గులాబీ మొహం పక్కకి తిప్పుకుంది. నునుపు పని చేసే ఉప్పక్క భుజాలు కదులుతున్నాయి. రోజంతా ఉప్పుకాగితంతో చెక్కని రుద్దుతుంది గనక ఆవిడ ఉప్పక్క. వయసులో నాకంటే పెద్దది, నోట్లో కూడా ఉప్పుకాగితమే. ఇక మౌనంగారు. చెక్కుడు పనిలో ఘనుడు, మాట్లాడితే మాటలు అరిగిపోతాయన్నట్టు ఉంటాడు. ఆయన పెదవి కూడా వణుకుతోంది. నన్ను చూసి నవ్వాపుకుంటున్నారు!

మా ఆయన నన్ను పక్కకి లాక్కెళ్లారు. "చూశావా, నువ్వు ఒక్క పూట లేకపోతే షెడ్డు ఆగిపోయింది. ఇది వాళ్ల తప్పా?" అన్నారు. మరి నాదా అని కళ్లతోనే అడిగాను. ఆయన నా గదిలోంచి చాక్‌పీసుల పెట్టె తెచ్చి షెడ్డు మధ్యలో నిలబడ్డారు.

"మీ అక్క ఒక మాట చెప్పమంటోంది," అన్నారు గట్టిగా.

నేను ఏమీ చెప్పమనలేదు.

"పన్నెండు గుర్రాలు చెయ్యాలి. మూడు బల్లలున్నాయి. బల్లకి నాలుగు. ఇవాళ్టి నుంచి చెక్కడం దగ్గర్నుంచి రంగు దాకా ఏ బల్ల గుర్రాలు ఆ బల్లవే. పిల్లలు పడిపోకూడదు, ఎక్కడా గుచ్చుకోకూడదు, గుర్రం స్తంభానికి గట్టిగా బిగిసి ఉండాలి. ఈ మూడూ నేను చూస్తాను. మిగతాదంతా మీ ఇష్టం. టిక్కులు మీరే పెట్టుకోండి."

"బ్బఫ్ఫూ!" అన్నాను నేను. వద్దు అని దాని అర్థం.

"చూశారా, ఎంత సంతోషంగా ఉందో," అన్నారు మా ఆయన. పెట్టె విప్పి బల్లకో గుప్పెడు చాక్‌పీసులు పంచేశారు.

ఆ సాయంత్రం ఇంట్లో మత్తు దిగాక ఆయనకి పెట్టాల్సిన నాలుగూ పెట్టాను. ఆయన కంచంలోంచి తలెత్తకుండా అన్నీ విని, "రేపు పొద్దున్నే వెళ్లి వెనక్కి తీసేసుకో. ఎవరు కాదన్నారు?" అన్నారు. సరిగ్గా అదే నా ఉద్దేశం కూడా. ఇంకా చీకటి విడకముందే లేచి, తాళంచెవులు పట్టుకుని, చెప్పాల్సిన మాటలు దారి పొడుగునా నెమరేసుకుంటూ షెడ్డుకి వెళ్లాను.

తలుపు తెరిచే ఉంది. మా ఆయన దగ్గరున్న రెండో తాళంచెవి రాత్రే వాళ్ల చేతికి వెళ్లిపోయిందట. లోపల దీపాలు వెలుగుతున్నాయి. ఏనాడూ గంట కొట్టకముందు గడప తొక్కని మనుషులు బల్లల చుట్టూ తలలు దగ్గర చేర్చి వాదులాడుకుంటున్నారు. తలుపు పక్క బల్ల దగ్గర మా పెద్ద వడ్రంగి బాబాయ్ చెక్క దుంగని కొట్టి చూపిస్తూ, "ఇది పరిగెత్తే గుర్రం కాదురా, ఇప్పుడే తుమ్మబోతున్న గుర్రం. చూడండి, ముక్కు దగ్గర చెక్క తీరే అలా ఉంది!" అంటున్నాడు. ముప్పై మూడు పళ్లున్నట్టు నవ్వుతున్నాడు. నాకు ఊహ తెలిశాక బాబాయ్ ఒక గుర్రం గురించి మాట్లాడటం అదే మొదటిసారి వినడం. మామూలుగా ఆయన మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడతాడు.

నన్ను చూసి అందరూ గప్‌చిప్ అయిపోయారు.

"ఇది పరీక్షా ఏంటమ్మా?" అంది ఉప్పక్క. "మమ్మల్ని చెయ్యనిచ్చి, తర్వాత తప్పులు పట్టి, అప్పుడు తిట్టే పద్ధతా?"

దారంతా నెమరేసుకున్న మాటలు నాలుక చివరికొచ్చి నిలబడ్డాయి. తుమ్మబోతున్న గుర్రం! పార్కాయనకి తుమ్ముతున్న గుర్రాలు పంపిస్తామా! కానీ ఆ దీపాలు, ఆ తలలు, బాబాయ్ మొహం. "పరీక్షేం కాదు," అన్నాను. "కాఫీ తాగారా?" అన్నాను. అంతకంటే తెలివైన మాట ఆ క్షణాన నాకు దొరకలేదు.

అక్కడి నుంచి మొదలైంది నా శిక్ష.

షెడ్డు పక్కనే నా ఆఫీసు గది. మధ్యలో అద్దం. ఆ అద్దం అవతల ఏం జరుగుతోందో చూడకూడదని కుర్చీ వెనక్కి తిప్పుకుని కూర్చున్నాను. చూడకపోతే వినపడుతుంది. పళ్లున్న గుర్రమట. నాలుక బయటపెట్టిన గుర్రమట. "చెవులు రెండూ ఒకేలా ఎందుకుండాలి, వింటున్నప్పుడు ఒకటి అటు ఒకటి ఇటు తిప్పదూ?" అని ఎవరో. అద్దం దగ్గరికి వెళ్లడం, వెనక్కి రావడం, కాలు కాలిన పిల్లిలా ఆ గదిలో నేను తిరిగిన తిరుగుడుకి నేల అరిగిపోయుండాలి. మా ఆయన మధ్యమధ్యలో తలుపు తీసి, "బతికే ఉన్నావా?" అని అడిగి వెళ్లేవారు.

మొదట్లో అలవాటు కొద్దీ వచ్చేవాళ్లు. "అక్కా, జూలుకి ఎరుపు వెయ్యమంటావా, నలుపా?" అని గులాబీ. జవాబు నోట్లో ఊరుతుంటే పెదాలు బిగించి, "మీ బల్లలో ఏమనుకున్నారు?" అనేదాన్ని. ఆ మాట అనడానికి నేను పడ్డ కష్టం పన్ను పీకించుకున్నప్పుడు కూడా పడలేదు. నాలుగైదుసార్లు అలా పంపించేసరికి రావడం మానేశారు. మానేశారా! ఇక వాళ్లు రాకపోతే నాకు ఇంకో బాధ. ఒక పూటంతా నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. కిటికీ నేనే తెరుచుకుని, నేనే మూసుకుని, ఖాళీ టీ గ్లాసుతో మాట్లాడాను.

షెడ్డు మాత్రం పెళ్లివారిల్లులా ఉంది. మధ్యాహ్నం తిండి ఎప్పుడు తినాలో బల్లలే తేల్చుకున్నాయి. రంగు ఆరేలోపు ఒక బల్ల తింటే, ఆ చోటులో ఇంకో బల్ల చెక్కుతోంది. ఇన్నేళ్లూ రంగు ఆరేదాకా అందరూ గోడకి చేరగిలబడి కూర్చునేవాళ్లు, కూర్చోమని చెప్పింది నేనే. బాబాయ్ మోకాళ్లని మర్చిపోయాడు. కిటికీ పక్క బల్లవాళ్లు, అంటే ఉప్పక్క, గులాబీ, మౌనంగారు, వాళ్ల నాలుగు గుర్రాలనీ ఎవరికీ చూపించకుండా దుప్పట్లు కప్పేశారు. పక్క బల్లవాళ్లు ఆ దుప్పటి కొస ఎత్తబోతే ఉప్పక్క ఉప్పుకాగితం పట్టుకుని వెంటపడింది. ఆవిడ పరిగెత్తగలదని కూడా నాకు తెలియదు.

పార్కాయన వచ్చే ముందు రోజు పొద్దున షెడ్డు వెనక ఖాళీ స్థలంలో రాట్నం నిలబెట్టాం. మా ఆయన యంత్రం బిగించారు. తలుపు బల్ల, మూల బల్ల, వాటి ఎనిమిది గుర్రాలూ స్తంభాలకి ఎక్కాయి. తుమ్మబోతున్నది, నిద్రలో నవ్వుతున్నది, పక్కవాడి జేబులోకి తొంగిచూస్తున్నది. నాకు నవ్వాగడం లేదు. ఇవి మా షెడ్డులో పుట్టాయా!

అప్పుడు కిటికీ బల్లవాళ్లు దుప్పట్లు లాగారు.

ఒక గుర్రానికి ముందు పన్ను ఊడిపోయి ఉంది, ఆ సందులోంచి నాలుక కాస్త కనిపిస్తోంది. ఒకటి జూలుని జడ వేయించుకుని, నలుగురూ చూస్తున్నారా లేదా అన్నట్టు ఓరగా చూస్తోంది. ఇంకో రెండు ఒకే రహస్యం చెప్పుకున్నట్టు మూతులు బిగించుకుని ఉన్నాయి. మౌనంగారి ఉలి ఇంత వాగుడుకాయ అని ఎవరనుకుంటారు! బాబాయ్ వెళ్లి ఆయన్ని కౌగలించుకున్నాడు. నాకు కళ్లు చెమర్చాయి. నిజం చెప్తున్నాను, చెమర్చాయి.

తర్వాత మొదటి గుర్రాన్ని ఎత్తి స్తంభం దగ్గరికి తెచ్చారు. అక్కడ అందరి మొహాలూ మాడిపోయాయి.

రాట్నం గుర్రానికి రెండు పక్కలూ ఒకేలా ఉండవు. బయట నిలబడి చూసే జనం వైపున్న పక్కనే చెక్కుడు, పూలు, నగలు, రంగుల హంగామా అంతా. లోపలి పక్క సాదాగా చదును చేసి వదిలేస్తాం. మా రాట్నం తిరిగే తీరుకి గుర్రం కుడి పక్క బయటికి వస్తుంది. కిటికీ బల్లవాళ్ల నాలుగు గుర్రాలకీ ఆ అందమంతా ఎడమ పక్కనుంది. ఓరచూపు కూడా ఎడమకే, రహస్యమూ ఎడమకే. అలాగే బిగిస్తే జనానికి కనిపించేది బోడి చెక్క.

"ఎడమ పక్క ఎందుకు చెక్కారు?" అన్నాను. గొంతు పైకి లేచిపోయింది.

"టిక్కు ఆ పక్కన పెట్టాం కదా," అంది గులాబీ బిక్కమొహం వేసుకుని. "టిక్కు ఉన్న పక్కే కదా ఎప్పుడూ ముస్తాబు చేసేది?"

"టిక్కు ఎడమ పక్కన ఎందుకు పెట్టారు?"

"మా బల్లకి కిటికీ వెలుతురు ఆ పక్కనే పడుతుంది," అంది ఉప్పక్క. "అవునుగానీ, నువ్వు ఎప్పుడూ కుడి పక్కన ఎందుకు పెట్టేదానివమ్మా?"

ఎందుకు పెట్టేదాన్నో నాకు తెలుసు. ఇన్నేళ్లలో వాళ్లకి ఒక్కసారి కూడా చెప్పలేదు. టిక్కు పెట్టేదాన్ని, వాళ్లు చెక్కేవాళ్లు, అంతే. తక్కిన రెండు బల్లలవాళ్లకీ తెలిసి కాదు, అలవాటుగా నేను పెట్టే పక్కనే పెట్టారు, గట్టెక్కారు.

మళ్లీ చెక్కడానికి అటు పక్క చెక్క మిగల్లేదు. పార్కాయన మర్నాడే వస్తాడు. అందరూ ఒక్కసారిగా నా వైపు తిరిగారు. ఆ చూపులు నాకు బాగా తెలుసు, పాత చూపులు. గులాబీ నడుము దగ్గరి సంచిలోంచి చాక్‌పీసు తీసి నా ముందుకి చాపింది. "ఇది నువ్వే ఉంచుకో అక్కా. ఏం చెయ్యాలో చెప్పు, చేసేస్తాం."

నా దగ్గర మాట సిద్ధంగానే ఉంది. బోడి పక్క బయటికి పెట్టి బిగించండి, దాని మీద గబగబా నాలుగు పూలు గీసెయ్యండి. అంటే చాలు, చేసేస్తారు. షెడ్డు దక్కినా దక్కచ్చు. చెయ్యి ముందుకి వెళ్లింది కూడా. ఆ చాక్‌పీసు తీసుకుంటే ఎంత హాయిగా ఉంటుందో నా వేళ్లకి తెలుసు.

కానీ గులాబీ మొహం చూశాను. పార్కాయన అన్న ఆ చావు పలకరింపు మొహం, అచ్చం అదే. గుర్రాలకి అది ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడర్థమైంది.

చెయ్యి వెనక్కి లాక్కున్నాను. "ఎందుకు కుడి పక్కో మీకు చెప్పకపోవడం నా తప్పు. అది నా మీద వేసుకుంటాను," అన్నాను. "గుర్రాలు మాత్రం మీవి. ఏం చేద్దామో మీరే తేల్చండి."

"షెడ్డు పోతుందక్కా!"

"తెలుసు," అన్నాను. వెళ్లి బోర్లించిన రంగుల బకెట్టు మీద కూర్చుని, రుమాలు ఉండ చుట్టి నోట్లో కుక్కుకున్నాను. మా ఆయన యంత్రం వెనకనుంచి తొంగిచూసి, నా అవతారం చూసి, మర్యాదగా తల లోపలికి తీసుకున్నారు.

నిజంగానే చెప్పనని తెలిశాక ఒక్కసారిగా సంత మొదలైంది.

"రాట్నాన్నే అటు తిప్పితే పోలా!" అంది ఉప్పక్క. "యంత్రం రెండు వైపులా తిరుగుతుంది కదా."

"మీ నాలుగింటి కోసం మా ఎనిమిదీ వెనక్కి పరిగెత్తాలా?" అని బాబాయ్ లేచాడు. "నా గుర్రం తుమ్మాలంటే ముందుకెళ్లాలి!"

"నీ గుర్రం తుమ్మితే ఎంత, దగ్గితే ఎంత!"

మాటా మాటా పెరిగింది. మౌనంగారు మాత్రం ఈ గొడవేం పట్టనట్టు తన పన్ను ఊడిన గుర్రాన్ని ఎత్తుకుని, అందమైన పక్క బయటికి వచ్చేలా, అంటే అన్నిటికీ ఎదురుముఖంగా, స్తంభానికి బిగించేశాడు. ఎలా ఉంటుందో చూద్దామని కాబోలు. ఉప్పక్క కాళ్లు పీకి, తిట్లు ఆపకుండానే, దాని మీదెక్కి కూర్చుంది. బాబాయ్ తగ్గుతాడా? దాని మొహానికి ఎదురుగా ఉన్న తుమ్ము గుర్రం ఎక్కి కూర్చున్నాడు. ఎదురెదురుగా, గుర్రాల మూతులు తగిలేంత దగ్గరగా ఇద్దరూ వేళ్లు చూపించుకుంటున్నారు. అప్పుడే మా ఆయనకి యంత్రం సరిచూడాలని బుద్ధి పుట్టింది.

రాట్నం కదిలింది. ఉప్పక్క వెనక్కి వెనక్కి వెళ్తోంది, బాబాయ్ ఆవిడ మీదికి దూసుకొస్తున్నట్టుంది. ఆవిడ పైకి లేస్తే ఈయన కిందకి, ఈయన లేస్తే ఆవిడ కిందకి. ఒక చుట్టు తిట్టుకున్నారు. రెండో చుట్టులో మా వైపు వచ్చేసరికి తిట్లు కాస్త తడబడ్డాయి. "నీకు... నీకసలు..." అంటోంది ఉప్పక్క. ఎదురుగా బాబాయ్ జుట్టంతా నిలబడిపోయింది, ఆయన మొహమూ తుమ్మబోతున్న గుర్రం మొహమూ ఒక్కలాగే ఉన్నాయి. ఉప్పక్క కిసుక్కుమంది. బాబాయ్ బిగబట్టాడు. మూడో చుట్టులో ఇద్దరూ గుర్రాల మెడలు కౌగలించుకుని, ఊపిరాడక, ఏడుస్తూ నవ్వుతున్నారు. "ఆపకు! ఆపకు!" అని బాబాయ్ అరుస్తున్నాడు. ముక్కు చీదుకోవడానికి కూడా దిగలేదు.

నా నోట్లోంచి రుమాలు ఎప్పుడు ఊడిపడిందో నాకు తెలియదు.

ఇక ఆగుతారా? మిగిలిన మూడూ ఎదురుముఖంగానే బిగించేశారు. ఒక ఎదురు గుర్రం, ఆ వెనక రెండు మామూలువి, అలా నాలుగు వరసలు. ఎదురుబొదురుగా కూర్చున్నవాళ్లు ఊగుతూ ఢీకొనకుండా ఎంత ఎడం ఉండాలో మా ఆయన, మౌనంగారు కలిసి చూసుకున్నారు. ఎవరు ఎవరితో ఎక్కాలా అని పోట్లాడుకున్నారు. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. ఈసారి నాకు బాధనిపించలేదు, బకెట్టు మీద కూర్చుని చప్పట్లు కొట్టాను.

మర్నాడు పార్కాయన వాళ్లావిడతో వచ్చాడు. కారు దిగేటప్పటికే ఇద్దరి మధ్యా ఏదో నడుస్తోంది. ఆవిడ ఇటు చూస్తే ఆయన అటు చూస్తున్నాడు. రాట్నం చూశాడు. గుర్రాల మొహాల దగ్గర ఆయన కనుబొమలు కాస్త లేచాయి. తర్వాత ఎదురు గుర్రం దగ్గర ఆగిపోయాడు.

"ఇది తిరగబడి ఉందేంటి? పొరపాటు బిగించారా?"

క్షమించండి అన్న మాట నా గొంతు దాకా వచ్చింది. షెడ్డు, ఇల్లు, ఈ మనుషుల జీతాలు, అన్నీ ఆ మాట వెనకాలే వచ్చాయి. గుటక వేశాను. గులాబీ ముందుకొచ్చింది.

"పొరపాటు చెక్కామండి. బిగించింది మాత్రం కావాలనే. మీరు దీని మీద కూర్చోండి. అమ్మగారు దీని ఎదురుగా ఉన్నదాని మీద. తర్వాత మీరేమంటే అది."

మొహమాటానికి కూర్చున్నాడు. ఆవిడ కూడా కూర్చుంది. ఎదురుబొదురు. ఇప్పుడు మొహాలు ఎటు తిప్పుకుంటారు? మా ఆయన మీట నొక్కారు. ఒక చుట్టు ఇద్దరూ ఒకళ్ల నెత్తి మీంచి ఒకళ్లు ఎటో చూశారు. రెండో చుట్టులో ఆయన కళ్లజోడు ముక్కు చివరికి జారింది. పట్టుకుందామంటే చేతులు రెండూ స్తంభానికి అతుక్కుపోయాయి. ఆవిడ చూసింది. పెదాలు బిగించింది. అటు తిరిగి వచ్చేసరికి ఇద్దరి నవ్వూ మా అందరికంటే గట్టిగా వినపడుతోంది. ఏమండోయ్, కళ్లజోడు! అని ఆవిడ, పోతే పోనీవే! అని ఆయన.

దిగి, తూలి, పన్ను ఊడిన గుర్రాన్ని పట్టుకుని నిలబడ్డాడు. "ఇలాంటిది ఇంకోటి కావాలి," అన్నాడు రొప్పుతూ. "పార్కుకి అవతలి గేటు దగ్గర. ఈ ఎదురు గుర్రం ఆలోచన ఎవరిది?"

నాకేసే చూశాడు. నాదేనని అనుకున్నాడు. ఔనంటే ఎవరూ కాదనేవాళ్లు కాదు.

"నాది కాదండి. వాళ్లది," అన్నాను. వాళ్లు అప్పటికే నాదంటే నాదని మళ్లీ సంత మొదలెట్టేశారు. బాబాయ్ తాను ఎక్కి కూర్చోకపోతే అసలు కథే లేదంటున్నాడు. మౌనంగారు ఏమీ అనకుండా తన గుండె మీద వేలు పెట్టి చూపించుకుంటున్నాడు.

"మరి మీరేం చేశారు?" అని అడిగాడు పార్కాయన, నిజంగా తెలుసుకుందామనే.

"నోరు మూసుకున్నానండి," అన్నాను. "నా జన్మలో ఇంత కష్టమైన పని చెయ్యలేదు."

పార్కాయన కారు మలుపు తిరిగిందో లేదో, నన్ను రెండు రెక్కలూ పట్టుకుని ఎత్తి ఎదురు గుర్రం మీద కూలేశారు. రాట్నాలు చేసే షెడ్డులో ఇన్నేళ్లుండి నేను ఒక్కనాడూ రాట్నం ఎక్కలేదు, తీరికేదీ? మిగతావాళ్లు ఎవరికి దొరికిన గుర్రం వాళ్లెక్కారు. యంత్రం దగ్గర మా ఆయన్ని పక్కకి నెట్టి గులాబీ నిలబడింది. నా ఎదురుగా ఉప్పక్క, ఆవిడ వెనక బాబాయ్, ఆ వెనక ఇంకో ఎదురు గుర్రం మీంచి మెడ వెనక్కి తిప్పి చూస్తూ మౌనంగారు, అందరూ నా మీదికే వచ్చేస్తున్నారు, అందరి మొహాలూ ఒక్కసారే కనిపిస్తున్నాయి. నేను వెనక్కి వెనక్కి పోతున్నాను, ఎక్కడికి పోతున్నానో తెలియడం లేదు.

"ఆపండి! ఆపమంటున్నానా!" అని అరిచాను.

"ఇంకో పది చుట్లు తిప్పాలని మేం తేల్చుకున్నాం అక్కా!" అని గులాబీ అరిచింది.

నేను చెప్పిన మాట ఎవరూ వినలేదు. ఒక్కళ్లంటే ఒక్కళ్లు కూడా వినలేదు. స్తంభం పట్టుకున్న చేతులు రెండూ వదిలేసి, గుర్రం మెడ మీద పడి, కళ్లనీళ్లు కారేదాకా నవ్వాను.